వంటక్కకు వాసన పోయిన ఏడాది

బస్సు డిపో క్యాంటీన్‌లో ఆమెను అందరూ వంటక్క అనేవారు. మొదటి బస్సు కదిలేలోపు పెనం మీద సాసేజ్ బిళ్ళలు చిటపటలాడాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా అది తప్పలేదు. కొవ్వు కలిసిన కైమాలో దంచిన మిరియాలు, వెల్లుల్లి, ఎండుమిరప తునకలు, ఎండబెట్టిన ఆకుల పొడి, చిటికెడు పంచదార వేసి, చన్నీళ్ళలో ముంచిన చేతులతో కలిపేది. కొలతంటూ ఏమీ లేదు. ముక్కు ఎంత చెబితే అంత.

ఆ ఏడు ఆమెను వారం రోజులు జ్వరం పట్టి విడిచింది. విడుస్తూ విడుస్తూ వాసననూ రుచినీ పట్టుకుపోయింది. "రావచ్చు, రాకపోనూవచ్చు" అన్నాడు డాక్టరు.

మళ్ళీ పనిలోకి వెళ్ళిన పొద్దున, అలవాటు కొద్దీ చిన్న ముద్ద వేయించి నోట్లో వేసుకుంది. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. చేతి మీద నమ్మకంతో అలాగే వడ్డించింది. డ్రైవర్లు మాటా పలుకూ లేకుండా తిన్నారు. పళ్ళెంలో ఏనాడూ ఏమీ మిగల్చని పెద్ద డ్రైవరు సగం బిళ్ళ వదిలేసి, ఆమె ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే కుర్చీలో కూలబడి, "ఇక మానేస్తాను" అంది.

ఇంట్లో ఉన్నది ఆమె భర్త అక్క. జీవితమంతా కుట్టుమిషను ముందు గడిపి, పని మానేశాక తమ్ముడింట్లోనే ఉంటోంది. మరదలి వంటలో ఒకరోజు ఉప్పుకు, ఒకరోజు కారానికి వంక పెట్టనిదే ఆమెకు ముద్ద దిగేది కాదు.

"ఎందుకే మానెయ్యడం?"

"ఏం వేస్తున్నానో నాకే తెలియట్లేదు వదినా. కళ్ళకి గంతలు కట్టుకుని బస్సు నడిపినట్టుంది."

"ఇన్నేళ్ళూ నీ వంటకి వంకలు పెట్టాను. పనీపాటా లేక పెట్టాననుకున్నావా? నా నాలుక అలాంటిది. రేపట్నుంచి దాన్ని వాడుకో."

వంటక్కకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసే బయల్దేరేవారు. మొదటి ముద్ద తినగానే వదిన మొహం చిట్లించి, "వెల్లుల్లి నెత్తికెక్కింది" అంది. వంటక్క తగ్గించి మళ్ళీ వేయించింది. నాలుగో ముద్దకు వదిన తల ఊపింది. అప్పుడు వంటక్క ప్రతి దినుసునూ తూచి, ఆ బరువులను సుద్దముక్కతో గోడ మీద రాసుకుంది. ముక్కు పోయిన చోట చేతిని, చెవిని పనిలో పెట్టింది. అరచేతికి అంటించిన ముద్ద చెయ్యి బోర్లించినా ఊడిపడకపోతే కలపడం చాలు. పెనం మీది రొద మెత్తబడితే తిప్పేయాలి. మధ్యలో వేలితో నొక్కితే గట్టిగా తగలాలి.

ఒక్కటి మాత్రం రోజూ అడిగేది. "ఇవాళ వాసన ఎలా ఉంది వదినా?"

మాటల కోసం వదిన తడుముకునేది. "కొత్త గుడ్డకి ఇస్త్రీ పెట్టినట్టుందే. చివర్లో మిరియం వచ్చి ముక్కులో గిల్లింది" అనేది. వంటక్క కళ్ళు మూసుకుని వినేది.

ఆరు నెలలకు వదినకు కంటి ఆపరేషన్ అయింది. పది రోజులు గడప దాటకూడదన్నారు. ఆ పొద్దున వంటక్క ఒక్కతే తూచింది, కలిపింది, పెనం దగ్గర చెవి వొగ్గి నిలబడింది. పళ్ళేలు అందించి, కిటికీలోంచి చూసింది. డ్రైవర్లు ఒకరి పళ్ళెంలోకి ఒకరు చెయ్యి పెట్టుకుంటూ కబుర్లలో పడ్డారు. పెద్ద డ్రైవరు ఖాళీ పళ్ళెంతో కిటికీ దగ్గరికి వచ్చి, "ఇంకో రెండు ఉన్నాయా వంటక్కా?" అన్నాడు.

మధ్యాహ్నం వదిన మంచం పక్కన కూర్చుని అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. కంటికి కట్టుతో ఉన్న వదిన దుప్పటి అంచు సరిచేసుకుంది.

"అయితే నేనిక రానక్కర్లేదన్నమాట."

"అదేం మాట! తిన్నవాళ్ళు బాగుందని మాత్రం చెప్తారు. ఎలా ఉందో నాకు చెప్పేది మీరొక్కరే కదా."

వదిన అటు తిరిగి పడుకుంది. పదకొండో రోజు పొద్దున వంటక్క లేచేసరికి ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.