టీచరమ్మ పంచిన ఇటుకలు

టీచరమ్మ పోయిన సంగతి మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను నెల్లూరులో, ఇళ్ళ ప్లాన్లు గీసే మా ఆఫీసులో, ఎవరిదో మేడమీద గదికి మెట్లు ఎటు తిప్పాలా అని చూస్తున్నాను. అమ్మ ముందు "అన్నం తిన్యావా?" అని అడిగింది. పనివేళలో ఆమె ఎప్పుడూ ఆ మాట అడగదు. ఏదో జరిగిందని అప్పుడే తెలిసింది.

"టీచరమ్మ పోయిందమ్మా. పొద్దున పాలు పొయ్యబోయినామె చూసిందంట. నిద్రలోనే" అంది. ఆ తర్వాత కూడా ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు. అమ్మ వెనక అలల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున ఉంటుంది మా పల్లె. టీచరమ్మ మా ఊరి మనిషి కాదు. బిట్రగుంట రైల్వే కాలనీలో పుట్టి పెరిగారు. మా బడికి బదిలీ మీద వచ్చి, రిటైరయ్యాక కూడా తిరిగి వెళ్ళలేదు. చర్చి పక్కన చిన్న పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. "రైలు కూతలకి అలవాటు పడినదాన్ని. చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. ఇక్కడ అలలు ఉన్నాయి గదా" అనేవారు.

సాయంత్రం ఒడ్డున నడిచేటప్పుడు ఏదైనా పడవ వచ్చిందంటే, చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, ఆమె కూడా ఒక చెయ్యి వేసేవారు. మా వైపు అది కట్టుబాటు. పడవను ఇసక మీదికి తోసేటప్పుడు ఒడ్డున ఎవరున్నా చెయ్యి వెయ్యాల్సిందే. వాళ్ళతో మాటలు లేకపోయినా సరే, పిలిస్తే రానని అనకూడదు. ఆమె తోపుకు పడవ వెంట్రుకంత కూడా కదిలేది కాదు. "టీచరమ్మ చెయ్యేసింది, ఇంక పడవ గూడూరు దాకా పోతాది" అని మగవాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వేవారు గానీ చెయ్యి మాత్రం తీసేవారు కాదు.

మా ఇంట్లో బడికి వెళ్ళి చదువుకున్న మొదటి మనిషిని నేను. ఆ కథ అంతా ఇక్కడ చెప్పను. ఒక్క ముక్క చెబుతాను. పదో తరగతి అయ్యాక నేను మా ఇంటి బొమ్మ వేశాను. గోడ కోసేసినట్టు, లోపలిదంతా కనబడేలా వేశాను. టీచరమ్మ ఆ కాగితం తీసుకుపోయి మా నాయన ముందు పెట్టారు. చదివించండని గానీ, మీ అమ్మాయి తెలివైందని గానీ చెప్పలేదు. ఊరికే పెట్టి కూర్చున్నారు. నాయన చాలాసేపు చూసి, "మా వల పెట్టే మూల కూడా ఏసిందే" అన్నాడు. ఆ ఏడే నన్ను పాలిటెక్నిక్‌లో చేర్పించాడు.

గోడ కోసిన ఇంటి బొమ్మ నాకెలా తోచిందో చెప్పాలంటే టీచరమ్మ శనివారాల గురించి చెప్పాలి.

బుడిపెలుండే ప్లాస్టిక్ ఇటుకలు మీరు చూసే ఉంటారు. ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కుంటాయి. వాటితో ఆడుకునేవాళ్ళు, పెద్దవాళ్ళు కూడా, తమ బుర్రలో పుట్టిన నమూనాలు కట్టి, ఫొటోలు తీసి పెట్టే వెబ్‌సైట్ ఒకటుంది. చూసినవాళ్ళు నచ్చినదానికి మద్దతు తెలుపుతారు. గడువులోగా తగినంత మద్దతు వస్తే కంపెనీ దాన్ని పరిశీలిస్తుంది. అదృష్టం బాగుంటే పెట్టెలో పెట్టి అమ్ముతుంది. టీచరమ్మకు ఆ సంగతి ఎలా తెలిసిందో నాకు తెలియదు. శనివారం సాయంత్రం ట్యూషన్ అయ్యాక చర్చి వరండాలో పిల్లలందరినీ తన ఫోన్ చుట్టూ కూర్చోబెట్టి ఆ ఫొటోలు చూపించేవారు. అప్పటికి మా పల్లెలో ఒక్కరి ఇంట్లో కూడా అలాంటి ఇటుక ఒక్కటి లేదు.

"ఈ వారం ఎవరికేది నచ్చింది?" అని అడిగేవారు. నచ్చింది అంటే సరిపోదు, ఎందుకో కూడా చెప్పాలి. "ఎందుకు నచ్చిందో చెప్పగలిగినప్పుడే అది నీది అవుతుంది" అనేవారు. ఎవరో కట్టిన రొట్టెల అంగడి ఒక పిల్లవాడికి బాగా నచ్చింది. ఎందుకురా అంటే, "దాని ఎనక మెట్టు పగిలి ఉండాది టీచరమ్మా, మా ఇంటి మెట్టు మాదిరే" అన్నాడు. ఆ కారణం ఆమెకు ఎంత నచ్చిందో! వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. ఆమెకు ఇష్టమైనది ఒక రైల్వే సిగ్నల్ క్యాబిన్. లోపల సిగ్నళ్ళు మార్చే రంగురంగుల లీవర్లు వరసగా ఉంటాయి. "ఇది కట్టినవాడెవరో గానీ తప్పకుండా రైల్వే పిల్లోడే" అని ఆమె వాదన. నాకు నచ్చింది నిలువునా తెరుచుకునే ఒక ఇల్లు. గదులు, మెట్లు, అటక, అన్నీ ఒకేసారి కనబడతాయి. నేను ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం అక్కడ మొదలైంది.

కొన్నేళ్ళకి నిజం ఇటుకలే వచ్చాయి. ఆమె దగ్గర చదువుకున్న ఒకామె నెల్లూరులో ఒక స్కూల్లో పనిచేస్తోంది. అక్కడ చిన్నపిల్లల ఆటగది మార్చేస్తూ పాతవన్నీ తీసేస్తుంటే, గోతాల్లో పోయించి పంపింది. అప్పటికి నేను పాలిటెక్నిక్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చేదాన్ని. గోతాలు విప్పేసరికి వరండా అంతా రంగులే. పిల్లలు మీద పడ్డారు.

"ఆగండర్రా. ఎట్టా పంచుకుందాం?" అన్నారు టీచరమ్మ.

"చేపలు పంచినట్టు!" అని అందరూ ఒకేసారి అరిచారు.

అలాగే పంచారు. ఇటుకలన్నీ కుప్పలు పోశారు. ఒక పిల్ల వాటికి వీపు పెట్టి నిలబడింది. ఇంకొకడు ఒక కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇదెవురికి?" అంటే, ఆ పిల్ల చూడకుండా ఒక పేరు చెప్పింది. ఒడ్డున చేపలు పంచేదీ ఇలాగే. ఎవరికి ఏ కుప్ప వచ్చినా నోరెత్తడానికి లేదు. ఆ పద్ధతి చూసి టీచరమ్మ మురిసిపోయారు.

కానీ దానికి ఇంకో సగం ఉందని ఆమెకు అప్పటికి తెలియదు. ఒకసారి ఎవరింటికైనా పోయిన వాటా మళ్ళీ అడగకూడదు. అడిగితే అడిగినవాళ్ళకే సిగ్గు. ఇంకెవరైనా అయితే ఇటుకలు ఒక పెట్టెలో పెట్టి తాళం వేసుకునేవారు. మా పిల్లల మాట విని ఆమె పంచేశారు. అప్పటినుంచి ఏం కట్టాలన్నా పిల్లలు ఎవరి ఇటుకలు వాళ్ళు కవర్లలో తెచ్చుకోవాలి, కలిపి కట్టాలి, మళ్ళీ ఊడదీసి ఎవరివి వాళ్ళు పట్టుకుపోవాలి.

ఆ వేసవిలో పిల్లలకు ఒక ఆలోచన వచ్చింది. "మన ఊరిది ఎవురూ పెట్టలేదే ఆ ఫోన్లో?" అన్నారు. తుఫాను షెల్టర్ కడదామని కొందరు, పడవ కడదామని కొందరు. చివరికి పడవే గెలిచింది. ఉత్త పడవ కాదు. దాన్ని ఇసక మీదికి తోస్తున్న మనుషులతో సహా. పెద్దవాళ్ళ పేరు మీదే పంపాలి; నాకు పద్దెనిమిది నిండాయి కాబట్టి నా పేరు మీద పెడదామన్నారు టీచరమ్మ. మళ్ళీ కాలేజీ తెరిచేలోగా అంతా పూర్తి చెయ్యాలని అనుకున్నాం.

పడవకు ముందు భాగం వచ్చింది, పక్కలు వచ్చాయి. వెనక భాగం, మా వాళ్ళు అమరం అంటారు, అది మాత్రం రాలేదు. వంపు తిరిగిన ఇటుకలన్నీ పంపకంలో కావ్య అనే పిల్ల కుప్పలోకి పోయాయి. అప్పటికే కావ్య వాళ్ళకీ మాకూ మాటలు లేవు. వేసవిలో చేపల వేట ఆపే నిషేధానికి కొద్దిగా ముందు, వాళ్ళ పడవ ఇంజను ఫ్యానుకు చిక్కి మా నాయన వల తెగింది. చూసుకుని నడపలేదని మా నాయన, చీకట్లో దీపం పెట్టకుండా వల వేశాడని కావ్య నాయన. పంచాయితీ తెగలేదు.

"వాళ్ళ కూతురి పేరు మీద పొయ్యే పడవకి మన ఇటుకలెందుకు?" అని కావ్య వాళ్ళమ్మ కవరు అటక మీద పెట్టేసింది. కావ్య వట్టి చేతులతో వచ్చి వరండా చివర కూర్చునేది. తోటి పిల్లలు ఊరుకుంటారా? "పొయ్యి అటకెక్కవే" అని పొడిచేవాళ్ళు. ఆ పిల్ల రెండు రోజులు చూసి రావడం మానేసింది.

మామూలు ఇటుకలతో వెనక భాగం కట్టి చూశాం. "ఇది పడవ గాదు, చేపల బుట్ట" అని పిల్లలే నవ్వారు. నెల్లూరులో కొనుక్కొస్తానని నేనన్నాను.

టీచరమ్మ ఒప్పుకోలేదు. "కొనొచ్చు. కొంటే ఆ అటక మీది ఇటుకలు కావ్య ఏం చేసుకోవాలి?" అన్నారు.

"పోనీ మీరు పొయ్యి అడగండి. మీ మాట కాదనరు."

"నేను అడిగితే ఇస్తారు. ఇచ్చినాక ఊర్లో నా మొహం ఎట్టా ఉంటాది? పంచినదాన్ని నేనే గదా."

అంత దిగులుగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. పిల్లల చేత ఇష్టంగా చేయించిన పనే పిల్లల మధ్య గోడ అయిందని ఆమె బాధ. పడవ పోయినా ఫర్వాలేదు, కావ్య రావడం మానేసిందే అని రెండు మూడుసార్లు అన్నారు.

మర్నాడు ఉదయం పిల్లల చేత పడవను చెక్క మీద పెట్టించి, చర్చి వరండాలో నుంచి ఒడ్డున పాకలోకి తెప్పించారు. వేట లేని రోజులు కదా, మగవాళ్ళంతా అక్కడే కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఒక పక్క మా నాయన, ఎదురు పక్క కావ్య నాయన. మధ్యలో ఇసక మీద చెక్క పెట్టించి టీచరమ్మ కూర్చున్నారు.

"అమరం లేదే! ఇది యాడికి పోతాది టీచరమ్మా, ఈదుకుంటానా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. టీచరమ్మ లేచి నిలబడి, కొంగు దోపుకుని, చెప్పులు విడిచారు. తల తిప్పి కావ్య నాయన వైపే చూశారు.

"నాయనా, పడవ తోస్తా ఉండాం. చేతులు చాల్లేదు. ఒక చెయ్యేస్తావా?"

 ఆయన చేతిలో వల అల్లే పుల్ల అలాగే ఉండిపోయింది.

"ఇటుకలు అడగతా ఉండావా నువ్వు?" అన్నాడు.

"నేనేం అడగలేదయ్యా. తోసేదానికి పిలస్తా ఉండా."

ఆయన పెద్దగా నవ్వాడు. "ఇరికించినావు గదమ్మా! రైలోళ్ళ తెలివి" అని లేచి, బయటికి వచ్చి, "మే కావ్యా! ఆ కవరు తీసుకోని రా. మీ యమ్మ అడిగితే పడవ తోస్తా ఉండామని చెప్పు" అని కేకేశాడు.

కావ్య పరిగెత్తుకుంటూ వచ్చింది. అమరం ఆ పిల్లే కట్టింది. వేరే ఎవరినీ ముట్టనివ్వలేదు. అంతా అయ్యాక, అప్పటిదాకా తలెత్తని మా నాయన, వల వైపే చూస్తూ అన్నాడు: "అమరం వాళ్ళది, పేరు మనదంటే బాగుండదు. ఆ పిల్ల పేరు గూడా రాయి." రాశాను. పిల్లలందరి పేర్లూ రాశాను. తెగిన వల సంగతి తేలడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. కానీ కావ్య మాత్రం ఆ రోజు తర్వాత ఒక్క శనివారం కూడా మానలేదు.

పడవకు మద్దతు మెల్లగా వచ్చింది. దాని కింద ఎవరెవరో రాసిన మాటల్ని టీచరమ్మ శనివారాలు తెలుగులో చదివి వినిపించేవారు. "దీనికి ఇంజను లేదా, ఎందుకు తోస్తున్నారు?" అని ఒకరు అడిగారు. "ఇంజను నీళ్ళలో పని చేస్తాది, ఇసకలో మనుషులే చెయ్యాల అని రాయండి టీచరమ్మా" అన్నారు పిల్లలు. అదే రాశారు. గడువు అయిపోయేసరికి రావలసినంత మద్దతు రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. "ఊడదీస్తే ఇటుక మళ్ళీ ఇటుకే. అప్పుడు పడవ మీద ఓడిపోయిన షెల్టర్ వాళ్ళు ఎవరర్రా? రండి, మీ వంతు" అన్నారు. ఆమె పోవడానికి ముందు శనివారం కూడా అందరూ షెల్టర్ మెట్లు కడుతూ ఉన్నారట.

ఆమెను బిట్రగుంటలో అమ్మానాన్నల సమాధుల పక్కన పెట్టారు. మా పల్లెలో ఒక వ్యాను మాట్లాడుకుని వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు పిల్లలు నన్ను అడిగారు, "అక్కా, శనివారం ఎవురు కూర్చుంటారు?" అని. నాకు శనివారం మధ్యాహ్నం నుంచి సెలవే. నేను కూర్చుంటానని చెప్పాను. ఆమెలాగా నాకు రాదు. అయినా ఎందుకు నచ్చిందో చెప్పమని అడగడం వచ్చు. మీ ఊళ్ళో కూడా ఇలాంటివాళ్ళు ఒకరుంటే, వాళ్ళు కూర్చునే చోటికి ఒకసారి వెళ్ళి కూర్చోండి. ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

మొన్న నేను కూర్చున్న మొదటి శనివారం, ఫోన్ తెరిస్తే నాకో ఫొటో వచ్చి ఉంది. మా పడవ పేజీ చూసిన ఒకామె పంపింది. ఏ దేశమో రాయలేదు. మా అబ్బాయి తన దగ్గరున్న ఇటుకలతో మీ పడవ కట్టుకున్నాడు, రంగులు కుదరలేదు, ఏమీ అనుకోవద్దు అని రాసింది. పిల్లలు ఫోన్ మీదికి వంగారు. పడవ సగం గులాబీ రంగు, సగం బూడిద రంగు. "యాక్, గులాబీ పడవ!" అన్నాడొకడు. "మడుసులు యాడ? తోసేవాళ్ళే లేరే" అన్నాడు ఇంకొకడు.

కావ్య ఫోన్ లాక్కుని ఫొటో పెద్దది చేసింది. అన్నం తినే పళ్ళెంలో నీళ్ళు పోసి పడవను వదిలారు. అది కాస్త ఒక పక్కకు ఒరిగి ఉంది. వెనక, అమరం దగ్గర, తడిసిన రెండు చిన్న వేళ్ళు దాన్ని ముందుకు తోస్తున్నాయి.