ఉంచమంటే దించింది

ఇనుప రేకులు కోసే షెడ్డులో పైకప్పు కింద నడిచే క్రేను ఆవిడ చేతిలో ఉండేది. అందరికీ క్రేనక్క. కింద రేకులకు గొలుసులు తగిలించేది ఆవిడ సొంత మరిది. మేస్త్రీ అరిచేవాడు, ఆవిడ పైనుంచి ఎత్తేది, దించేది. కోత మిషన్ల మోతలో సగం మాట గాలికి పోయేది. మిగతా సగం అలవాటు కొద్దీ ఊహించుకునేది.

ఆ రోజు మరిది వంగి, వేలాడుతున్న రేకు కింద చెక్కదిమ్మ సర్దుతున్నాడు. "ఉంచు, ఉంచు!" అని మేస్త్రీ కేకేశాడు. ఆవిడకి "దించు" అని వినపడింది. దించేసింది.

మరిది అరుపు మాత్రం ఆ మోతని చీల్చుకుని పైకి వచ్చింది. రేకు మళ్ళీ లేపేసరికి అతని కుడిచేతి వేళ్ళు దిమ్మకి అతుక్కుపోయి ఉన్నాయి.

ఆవిడ నిచ్చెన దిగేలోపే కింద రణరంగమైంది. "దించమన్నావేంరా?" అంటూ మరిది జతగాడు కొక్కెంతో మేస్త్రీ మూతి పగలగొట్టాడు. "ఉంచమన్నాను!" అని మేస్త్రీ నోటినిండా నెత్తురుతోనే వాడి పీక పట్టుకున్నాడు. ఆసుపత్రి వరండాలో తోడికోడలు, పొద్దున అక్కా అని పిలిచిన నోటితోనే, "నా మొగుడి చెయ్యి నలిపేశావు కదే!" అంటూ ఆవిడ జుట్టు పట్టి తల గోడకేసి బాదింది. క్రేనక్క చెయ్యి అడ్డం పెట్టలేదు. నుదుటికి కుట్లు వేస్తున్నంతసేపూ ఉంచు, దించు అని ఆ రెండు మాటలే గొణుక్కుంది.

మళ్ళీ పనిలోకి వస్తూనే చెప్పేసింది. "ఇకమీదట కేకలు వద్దు. సైగ చేసేది ఒక్కడే. సైగ చూసి నేను గంట కొడతా. వాడు మళ్ళీ సైగ చేస్తేనే దించుతా."

మేస్త్రీ ఊడిన పళ్ళ సందులోంచి నవ్వాడు. "మాకు కొత్తగా డాన్సు నేర్పుతావా?"

కొన్నాళ్ళకి సరుకు కోసం వచ్చిన కాంట్రాక్టరు తన లారీ దగ్గర్నుంచి "దించవే!" అని గావుకేక పెట్టాడు. సైగలు చేసే జతగాడు అప్పటికి మొదటి సైగ చేశాడు, ఆవిడ గంట కొట్టింది. జతగాడు మళ్ళీ సైగ చెయ్యలేదు. క్రేను కదల్లేదు. కాంట్రాక్టరు ఒళ్ళు మండి నిచ్చెనెక్కి, ఆవిడ మెడ పట్టి పక్కకి నెట్టి, క్రేను దించే లివరు మీద చెయ్యి వేశాడు. ఆవిడ అందిన ఇనుప రెంచి తీసి ఆ చేతి మీద బలంకొద్దీ కొట్టింది. ఎముక పటుక్కుమంది. వాడు కుప్పకూలినా ఇంకో దెబ్బ వేసింది. మూడోది వెయ్యబోతూ కిందకి చూసింది. రేకు కింద నడుం వంచి, జారిన గొలుసు లాగుతున్నవాడు మేస్త్రీ.

అతను పైకి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చరచరా నిచ్చెనెక్కి కాంట్రాక్టరుని కాలరు పట్టి కిందకి ఈడ్చుకెళ్ళాడు.

పోలీసులొచ్చారు. క్రేనక్క ఆ రాత్రి స్టేషన్లోనే ఉంది. మేస్త్రీ సాక్ష్యం చెప్పి విడిపించాడు. ఆమె పెట్టిన పద్ధతే షెడ్డులో నిలిచిపోయింది. ఇప్పుడు ఎడమచేత్తో సైగ చేసేది మరిదే.

తోడికోడలు మాత్రం ఇంకా కరగలేదు. ఒకే వంటింట్లో ఉన్నా, క్రేనక్క పక్కనున్న ఉప్పు డబ్బా కావాలన్నా మొగుడిచేతే అడిగిస్తుంది.