పేరమ్మ నడికట్టు

నయాపైసలొచ్చిన ఏడు, మూడో కాన్పుకు గర్భసంచి జారి చేపలగంప ఎత్తలేకపోయిన పేరమ్మను, "మేమంతా కనలా? నీదే వింత కానుపా?" అని అత్త మాలకొండమ్మ వీధంతా వినేలా దెప్పింది. పొత్తికడుపును ఎత్తిపట్టేలా నెల్లూరు డాక్టరమ్మ ఇచ్చిన నడికట్టుతో పేరమ్మ మళ్లీ గంపెత్తింది. అలాంటివే పాతచీరలతో కుట్టి, చేపల అడుగున మూటగట్టి కొడవలూరు దాకా అమ్ముతోంది. చేపల వాసన కొసరు. మగవాళ్లు వచ్చి బేరమాడని సరుకు భూమండలంలో ఇదొక్కటే. కొలతకు ఆమెదొక శాస్త్రం: మనిషి నెత్తిన నిండుగంప పెట్టి నడిపించి, నడక చూసి కట్టు బిగిస్తుంది.

ఒక పొద్దున అత్తే వచ్చి ఆ నిండుగంప నెత్తికెత్తుకుంది. నాలుగడుగులకే పొత్తికడుపు పట్టుకుంది. పేరమ్మ నవ్వలేదు, గంప దించి, మూటలోంచి ఒక నడికట్టు తీసింది.

"ఎన్నాళ్లుగా ఉండాదత్తా?"

"నీ మొగుడు పుట్టినకాడ్నుంచి."