ఏడు రోజుల అనుమతి

వంటింటి గోడమీది కంప్యూటరు తెరను ముట్టుకునే ముందు తె-షాన్ కుడిచేతి చూపుడువేలి మీద ఊదుతాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ముప్ఫై నాలుగేళ్ళు కీలుంగ్ రేవులో ఓడల మోకులు పట్టిన వేలది. కాయలు కాసి, ఎండి, చెక్కలా అయింది. తెర దాన్ని మనిషి వేలుగా గుర్తుపట్టదు. కాస్త ఆవిరి తగిలితేనే కదులుతుంది.

ఊదమని చెప్పింది అతని భార్య యూ-చిన్.

"నీ వేలికి ప్రాణం లేదయ్యా. ముందు దానికి ప్రాణం పొయ్యి," అనేది.

ఆ తెరా, అలమర మీద కూచున్న చిన్న కంప్యూటరు పెట్టె, రెండూ ఆమె పెట్టినవే. ఫెర్రీ కంపెనీ ఆఫీసులో ఇరవై ఏడేళ్ళు చేసింది. తె-షాన్ మోకుతో ఓడను ఎలా అదుపులో పెట్టేవాడో, ఆమె అలా తీగలతో ఇంటిని పెట్టుకుంది. ఇంటి సంగతులు బయటి కంపెనీల చేతిలోకి పోవడం ఆమెకు గిట్టదు. దీపాలు, తలుపు గంట, తేమ లాగే యంత్రాలు అన్నీ ఆ పెట్టె మాటే వింటాయి. బయటిది ఒక్క క్యాలెండరే. అది ఏళ్ళ తరబడి ఆమె ఫోనులో ఉన్నది. ఆస్పత్రి మంచం మీద కూచుని దాన్నీ పెట్టెతో కలిపింది.

అక్కడే, ఆ వసంతంలో, పద్నాలుగు నెలలకు సరిపడా మాటలు అందులో ముందుగానే రాసింది.

"రెండో శుక్రవారం, రక్తపోటు. మాత్రలు వేసుకుంటున్నానని డాక్టరుతో అబద్ధమాడకు." "బియ్యం డబ్బా మూత బిగించు." "వాన లేదనుకుంటున్నావు. గొడుగు తీసుకో." రోజూ పొద్దున ఏడింటికి ఆ నాటి మాట తెరమీద వెలుగుతుంది. "బీరువా" అని రాసిన రోజున ఆమె బట్టల బీరువాలో తేమ యంత్రం తనంతట తానే తిరుగుతుంది. వాన వదలని కీలుంగ్‌లో అది ఒక వారం ఆగితే ఉన్ని కోటు మెడ మీద బూజు పాకుతుంది.

ఆమె శుక్రవారం తెల్లవారుతూ పోయింది. ఏడో రోజు, గురువారం, తెరమీద ఎర్రగీత కనబడింది. "అనుమతి గడువు తీరింది. మళ్ళీ లాగిన్ అవ్వండి."

ఏడో రోజంటే పోయినవాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వచ్చే రోజు. కింది అంతస్తు హూ అమ్మమ్మ ముందే చెప్పి ఉంది. "దీపం వణికినా, చిమ్మట వాలినా కదపకు నాయనా. అది తనే." ముందుగదిలో మంత్రాలు సాగుతున్నాయి. తె-షాన్ వంటింట్లో ఎర్రగీత ముందు నిలబడ్డాడు. ఆమె నోటుపుస్తకం చూసి పాస్‌వర్డ్ కొట్టాడు. ఆమె ఫోనుకు ఆరంకెల కోడ్ వచ్చింది. అదీ కొట్టాడు. గీత పోయింది. ఆమె మాటలు తిరిగొచ్చాయి.

పద్నాలుగో రోజునా అంతే. ఇరవై ఒకటో రోజునా అంతే. అతను ఎవరికీ చెప్పలేదు. నాలుగో వారం నాటికి పాస్‌వర్డ్ నోటికి వచ్చేసింది.

నలభై తొమ్మిదో రోజుతో దినాలు ముగిశాయి. ఇక ఆమె తన దారిన తాను వెళ్ళాలి.

"ఫోను ఇంకా ఉంచావా?" అంది హూ అమ్మమ్మ. "పేరున నంబరుంటే పిలిచినట్టే కదరా. పిలుస్తుంటే పిల్ల ఎట్లా పోతుంది?"

ఆ రోజు ఆఖరిసారి అనుకుంటూ లాగిన్ అయ్యాడు. పోయినవాళ్ళకు చేరాలని కాల్చే కాగితపు ఇంటితో పాటు నోటుపుస్తకాన్నీ మంటలో వేశాడు. మర్నాడు మరణపత్రం పట్టుకుని ఫోను ఆఫీసుకు వెళ్ళి ఆమె నంబరు తీసేయించాడు. వెళ్ళిపోయిన మనిషి ఇక అనుమతి అడగదు గదా.

ఏభై ఆరో రోజున ఎర్రగీత వచ్చింది.

మూడు రోజులు దాని ఎదుట అన్నం తిన్నాడు. ఆ తర్వాత బావమరిదికి ఫోను చేశాడు.

యూ-హెంగ్ ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. బస్సుల్లో టికెట్ యంత్రాలు బాగుచేసే ఉద్యోగం అతనిది. చేపల ఉండల సంచీ బల్లమీద పెట్టి, ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటి బావా, ఓడ అడుగున ఉన్నట్టుంది ఇల్లు."

"బీరువాలో యంత్రం తిరగట్లేదు."

"స్విచ్చి నొక్కితే తిరగదూ?"

"నొక్కితే తిరుగుతుంది."

యూ-హెంగ్ ల్యాప్‌టాప్ తెరిచి, ముందుగా పెట్టెను ఆపి మళ్ళీ వేశాడు. ఎర్రగీత అలాగే ఉంది.

"ఆ క్యాలెండరు కంపెనీ వాళ్ళు అనుమతి ఇచ్చాక జవాబు ఎక్కడికి పంపాలో వాళ్ళకో చిరునామా కావాలి. మన ఇంటి లోపలి నంబరు వాళ్ళకు చెల్లదు. అక్కడే తన్నిందనుకున్నా," అన్నాడు కాసేపటికి. "కాదు. అక్క దానికి దారి వేసింది. చూడు ఎంత పొందిగ్గా రాసుకుందో."

తె-షాన్ చూశాడు. అతనికి అంతా ఇంగ్లీషు చుక్కలూ గీతలే.

వాన మెట్ల కిటికీ మీద కొడుతోంది. యూ-హెంగ్ పైకీ కిందికీ జరుపుతూ చదివాడు. ఒకచోట వేలు ఆగింది.

"దొరికింది బావా. అక్క కలిపిన ఈ లింకు ఇంకా ప్రయోగం కిందే ఉంది. ప్రయోగంలో ఉన్నదానికి ఏడు రోజులే అనుమతి. ఒక బటన్ నొక్కి వాడుకలోకి మారిస్తే మళ్ళీ మళ్ళీ అడగదు."

"ఏడు రోజులని ఎవరు పెట్టారు?"

"కంపెనీ."

"అందరికీ అంతేనా?"

"లోకమంతటికీ అంతే."

"బతికున్నవాళ్ళకు కూడా?"

యూ-హెంగ్ తల ఎత్తి చూశాడు. "వాళ్ళ కోసమే పెట్టింది బావా."

తె-షాన్ కుర్చీ లాక్కుని కూచున్నాడు. ఏడు గురువారాలు అతను గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆ తెర దగ్గరకు వెళ్ళాడు.

"అది ప్రయోగంలో ఉందని నీకెట్లా తెలిసింది?"

"అక్కే రాసి పెట్టుకుంది. ఇదిగో." యూ-హెంగ్ ఆ వాక్యాన్ని మామూలు గొంతుతో చదవబోయాడు. "'ఇంకా ప్రయోగంలోనే ఉంది. ఇంటికి వెళ్ళాక మార్చాలి.'"

పైన గురువారం తేదీ ఉంది. ఆమె పోవడానికి ముందురోజు.

తె-షాన్ కుర్చీని ల్యాప్‌టాప్ దగ్గరికి జరిపాడు.

"ఆ బటన్ ఇప్పుడు నొక్కు," అన్నాడు తె-షాన్.

"అక్క పేరుతో లోపలికి వెళ్ళాలి. ఫోను ఇలా ఇవ్వు."

"నంబరు తీసేయించాను."

"తీసేయించావా? నన్నొక మాట అడగొద్దూ? సరే, నోటుపుస్తకం తీ. ఇలాంటి అవసరానికని పది కోడ్‌లు చివరి పేజీలో రాసుకుంటుంది. నా చేత కూడా నావి రాయించింది, తిట్టి మరీ."

"కాల్చేశాను."

"ఏది?"

"పుస్తకం. కాగితపు ఇంటితో. అక్కడ ఆమెకు పనికొస్తుందని."

"అక్కడ అక్కకి లాగిన్ ఎందుకయ్యా!" యూ-హెంగ్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే లేచి కిటికీ వైపు తిరిగాడు. భుజాలు ఆగడానికి కొంత సమయం పట్టింది.

తె-షాన్ పొయ్యి వెలిగించి చేపల ఉండలు నీళ్ళలో వేశాడు. ముల్లంగి తరిగాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూచుని తిన్నారు.

"ఆ నంబరు ఏమవుతుంది?" అని అడిగాడు తె-షాన్.

"కొన్ని నెలలు పక్కన పెడతారు. తర్వాత ఎవరికో ఇస్తారు."

"అప్పుడు కోడ్?"

"వాళ్ళకు పోతుంది. ఏ పీతల దుకాణం వాడికో. వాడు అదేంటో తెలియక తీసేస్తాడు." యూ-హెంగ్ గిన్నె దించాడు. "నీ పేరుతో కొత్త క్యాలెండరు కలుపుతా బావా. అయిదు నిమిషాల పని. ఎర్రగీతా పోతుంది."

"వద్దు."

"మరి ఖాళీగా ఉంచుతావా?"

"ఉండనీ."

వెళ్ళే ముందు యూ-హెంగ్ గిన్నెలు కడిగాడు. పడకగదిలోకి వెళ్ళి బీరువా తలుపు తీశాడు. స్విచ్చి చప్పుడు, తర్వాత యంత్రం చిన్న ఉరుము వంటింట్లోకి వినిపించాయి. తె-షాన్ వద్దనలేదు. బావమరిదిని మెట్ల దాకా సాగనంపి వచ్చాడు.

సోమవారం పొద్దున ఫోను ఆఫీసు షట్టరు ఎత్తేసరికి అతనే మొదటివాడు. కిటికీలో కూచున్నది ఆనాడు నంబరు తీసిన అమ్మాయే. ఆ నంబరు ఎప్పుడు బయటికి వస్తే అప్పుడు తనకు ఇవ్వమన్నాడు. తన పాతది కావాలంటే తీసేసుకోమన్నాడు.

"ఏ రోజు వస్తుందో మాకే తెలియదండీ. ముందుగా పేరు రాయించుకునే పద్ధతి కూడా లేదు," అంది ఆ అమ్మాయి. మూడుసార్లు అదే చెప్పింది, మూడోసారి మెల్లగా.

తె-షాన్ సరేనని తల ఊపాడు. గుమ్మం దాకా వెళ్ళి, యంత్రం దగ్గర ఇంకో వరుస చీటీ తీసుకుని, రెండో కిటికీ ఎదురుగా ఉన్న బెంచీ మీద కూచున్నాడు.