వాడకట్టంతా విన్న మాండలిన్

మా ఆయనకు చెవులు ఒక్కరోజులో పోలేదు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఆపరేటర్‌గా చేరిన కొత్తలో డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కాసేపు గట్టిగా మాట్లాడేవాడు, అంతే. తర్వాత రేడియో సౌండు పెంచడం మొదలైంది. ఆపైన ఎదుటివాళ్లను రెండోసారి అడగడం, ఫోన్ మోగితే నా చేతికిచ్చి పక్కకు వెళ్లిపోవడం. మేము రిటైరయ్యే నాటికి ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేలా నెమ్మదిగా చెప్పాల్సి వచ్చేది. దవాఖానలో ఇచ్చిన చెవి మిషన్ పెట్టుకుంటే గిన్నెల చప్పుడు, బండ్ల హారన్లు పెద్దవయ్యేవి, మాట మాత్రం ముద్దగానే ఉండేది. "మల్ల మిల్లుల నిలవడ్డట్టే ఉంది" అని తీసి డ్రాయర్లో పెట్టాడు. ఎంతో ఇష్టంగా కొనుక్కున్న రేడియోను తనే తుడిచి, మిల్లు వాచ్‌మన్‌కు ఇచ్చేశాడు.

పెళ్లయ్యాక నన్ను చదివించింది ఆయనే. ఆయన ఆ మిల్లు మిషన్ల పక్కన నిలబడ్డ ఏళ్లలోనే నేను డిగ్రీ చేశాను, ట్రైనింగ్ చేశాను, బడిలో టీచరునయ్యాను. ఆ మోతలో ఆయన చెవులు పోయాయి, నాకు ఉద్యోగం వచ్చింది. ఈ రెండింటినీ ఆయన ఎప్పుడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. నేనే చూసుకునేదాన్ని.

చిన్నప్పుడు సూర్యాపేటలో మా పక్కింట్లో కిరాయికి ఉన్న ఒక పోస్టాఫీసు ఉద్యోగి దగ్గర నేను మాండలిన్ నేర్చుకున్నాను. వాయిద్యం ఆయనదే. ఆయనకు బదిలీ కాగానే అది కూడా వెళ్లిపోయింది. మళ్లీ దాని జోలికి పోలేదు. రిటైరయ్యాక హైదరాబాద్‌లో ఒక షాపులో మెరుస్తూ కనిపిస్తే కొనుక్కొచ్చాను. తీగలు మరీ ఎత్తుగా ఉండి వేళ్లు కోసుకుపోయేవి. ఎంత మీటినా రేకు డబ్బా మీద చినుకు పడ్డట్టు టిక్కుమని ఆగిపోయేది. వయసు మీద పడ్డది, ఇక నాకు రాదనుకుని బీరువా మీద పెట్టేశాను.

ఆ తర్వాత చిలుకూరులో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, పందిట్లో భోజనాల దగ్గర ఒకాయన మాండలిన్ వాయిస్తున్నాడు. మైకు పాడైపోయింది. అయినా చివరి వరుసలో కూర్చున్న నాకు ఒక్కొక్క స్వరం విడిగా, గుండ్రంగా వినిపించింది. మీటిన తర్వాత కూడా కాసేపు గాల్లో నిలబడింది. విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని ఆయన దగ్గరికి వెళ్లాను. "ఇది కంపెనీది కాదమ్మా, కోదాడలో ఒకాయన చేత్తో చేస్తడు. ఒకటి అయినంకనే ఇంకోటి మొదలువెడ్తడు" అన్నాడు.

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆగలేదు. మా ఆయనతో "కోదాడల అక్కను సూసొస్త" అని చెప్పి బస్సెక్కాను. మా అక్క కోదాడలోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో బాధపడుతోంది, అదంతా నిజమే. అందుకే ఆ అబద్ధం అంత సులువుగా నోట్లోకి వచ్చింది. ఆయన బజారుకు వెళ్లి బత్తాయిలు తెచ్చి సంచిలో పెట్టి, "అక్కకియ్యి. రసం తాగుమను" అన్నాడు.

హుజూర్‌నగర్ రోడ్డు వైపు ఒక ఇంటి వెనక రేకుల షెడ్డు. చేసేవాడికి యాభై దాటి ఉంటాయి. ఇంతకుముందు తలుపులు, మంచాలు చేసేవాడట. విరిగిన మాండలిన్ ఒకటి ఎవరో బాగుచేయమని తెస్తే, విప్పి లోపల చూసి దాని మీద పిచ్చి పట్టిందని నవ్వుతూ చెప్పాడు. బయట మేళ్లచెరువు నుంచి వచ్చే సిమెంటు లారీ పోతుంటే మాట ఆపి, అది దాటాక మళ్లీ మొదలుపెట్టేవాడు.

"ముందు మీ చెయ్యి చూపించండి టీచరమ్మా" అన్నాడు. నా ఎడమ చేతి వేళ్లను సగం చేసిన మాండలిన్ మెడ మీద పెట్టించి, ఎక్కడ నొప్పిగా ఉందో అడిగాడు. "మీ వేళ్లు పొట్టివండీ. దీన్ని కొంచెం సన్నం చేద్దాం. మీరు దానికోసం సాగక్కర్లేదు, అదే మీ దగ్గరికి రావాలి."

నా కోసం ఒక వస్తువును సన్నం చేస్తామని అంతకుముందు ఎవరూ అనలేదు. చీరలు, చెప్పులు, కుర్చీలు అన్నీ ఉన్నవాటిలోంచి ఎంచుకున్నవే. ఆ మాట పట్టుకుని ఎన్నిసార్లు కోదాడ వెళ్లానో. వెనక భాగానికి పాత పనస చెక్క, ఎవరింటి దూలమో. మొదటిసారి వెళ్లినప్పుడు అది మామూలు దుంగ. తర్వాత వెళ్లేసరికి బోలుగా, పసుపు రంగులో, పిల్లలు తినే గిన్నెలా ఉంది. పైపలకను చిత్రిక పడుతూ, వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. "ఇంకా నోరు విప్పలేదండీ" అని మళ్లీ పట్టేవాడు. నన్ను కూడా తట్టి వినమనేవాడు. చెవి ఆనించినప్పుడల్లా పనస చెక్క వాసనతో పాటు మా ఆయన గుర్తుకొచ్చేవాడు. ఆయన వినలేని వస్తువు ఒకటి నా కోసం ఇంత శ్రద్ధగా తయారవుతోంది. వచ్చేటప్పుడు అక్క ఇంటికి వెళ్లి బత్తాయిలు ఇచ్చేదాన్ని. "మరిది ఎంత మంచోడే, పోయినసారివే ఇంకా ఉన్నయ్" అనేది అక్క. నేను మంచినీళ్లు తాగి లేచేదాన్ని.

మాండలిన్ పూర్తయి చేతికొచ్చిన రోజు షెడ్డులోనే కూర్చుని ఒక పాత కృతి మీటాను. మళ్లీ చిన్నపిల్లనైపోయాను అంటే అబద్ధం. అరవై దాటిన చేతులే, కానీ అవి తప్పు పోయిన చోట కూడా ఆ చెక్క మర్యాదగా పలికింది. లోపల, రంధ్రంలోంచి చూస్తే, ఉలి గీతలు అలాగే ఉన్నాయి. "అవి నున్నగా చేయనండీ, ఎవరికి కనపడతాయని" అన్నాడాయన. నాకు కనపడ్డాయి. వాటిమీదే నాకు ఎక్కువ ప్రేమ కలిగింది.

ఇంట్లో దాన్ని వెనక గదిలో పెట్టాను. మొదట్లో ఆయన పొద్దున టీ కొట్టు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రమే వాయించేదాన్ని. ఒకరోజు వర్షం వచ్చి ఆయన వెళ్లలేదు. ముందు గదిలో నా వైపు వీపు పెట్టి పేపర్ చదువుకుంటున్నాడు. వెనక గది తలుపు తెరిచే ఉంది. నా చేతులు ఊరుకోలేదు. మాండలిన్ తీసి మెల్లగా మీటాను. ఆయన కదల్లేదు. కొంచెం గట్టిగా మీటాను. ఆయన పేజీ తిప్పాడు.

ఆ పేజీ తిప్పిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అక్కడితో ఆపాల్సింది. లేచి వెళ్లి, ఆయన ముందు కూర్చుని చెప్పాల్సింది. కానీ పాట సగంలో ఉంది, పూర్తి చేశాను. ఆ తర్వాత ఆయన బయటికి వెళ్లేదాకా ఆగడం మానేశాను. ఇంట్లో మనిషి ఉండగానే, ఆయన లేనట్టు వాయించడం అలవాటు చేసుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున ఆయన గేటు దగ్గర మందార చెట్టుకు నీళ్లు పోస్తున్నాడు. పక్కింటామె గోడ మీదుగా, తన అలవాటు ప్రకారం అరిచినట్టు చెప్పింది: "అన్నా, మీ ఇంటామె వాయిస్తుంటే మా కోడలు పొయ్యి మీద పాలు మర్సిపోతున్నది!" ఆయనకు అర్థం కాలేదు. ఆమె ఎడమ చెయ్యి చాపి, కుడి చేత్తో తీగలు మీటినట్టు చేసి, మా ఇంటి వైపు చూపించింది. ఆయన నవ్వి తలూపాడు, తెలిసినట్టే. ఆ నవ్వు నేను కిటికీలోంచి చూశాను.

లోపలికొచ్చి చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. కోపంగా లేడు.

"ఏం వాయిస్తున్నవ్?" అని అడిగాడు.

నేను వెనక గదిలోకి వెళ్లి మాండలిన్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. కోదాడ సంగతి, అక్క పేరు చెప్పి వెళ్లిన సంగతి, వర్షం రోజు సంగతి అన్నీ ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. మామూలుగా చెప్పి ఉంటే గబగబా అయిపోయేది. ఆయనకు అందాలంటే ప్రతి మాటనూ పెదవుల మీద ఆపి చూపించాలి. తప్పును అంత నెమ్మదిగా చెప్పడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఆయన ఒళ్లోని మాండలిన్ వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "వాడకట్టంతా ఇన్నది. నాకొక్కనికే ఎరుక లేకపాయె."

"మీరు బాధపడ్తరని..."

"ఇనకపోతే బాధ లేదు. అది అలవాటైంది. దాసిపెట్టినవ్ సూడు, గదే బాధ."

నాకు ఏడుపొచ్చింది. ఆయన దాన్ని పట్టించుకోకుండా మాండలిన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. మిల్లులో ఉన్నప్పుడు బేరింగ్ బాగుందో లేదో చూడటానికి స్క్రూడ్రైవర్ కొస మిషన్‌కు, పిడి తలకు ఆనించి పెట్టేవాడట. అలాగే మాండలిన్ తలను తన దవడ ఎముకకు ఆనించుకుని, "వాయించు" అన్నాడు. ఇద్దరం మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాం. లావు తీగలు మీటాను. కళ్లు మూసుకున్నాడు. సన్న తీగల దగ్గరికొచ్చేసరికి మళ్లీ తెరిచాడు.

"పాట తెలుస్తలేదు. నడుస్తున్నట్టు మాత్రం తెలుస్తున్నది" అన్నాడు.

బీరువా మీది షాపు మాండలిన్ కూడా తెమ్మన్నాడు. దవడకు ఆనించుకుని, నేను మీటుతుంటే కాసేపు చూసి, తల అడ్డంగా ఊపి నాకిచ్చేశాడు. "దీంట్ల కరెంటు పోయింది."

మరుసటి వారం ఇద్దరం కలిసి కోదాడ వెళ్లాం. షెడ్డులో మా ఆయన ఒక కొత్త మాండలిన్ వెనక భాగాన్ని ఒళ్లో పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చున్నాడు. చేసేవాడూ ఆయనా పెద్దగా మాట్లాడుకోలేదు. అక్కడ మాటల అవసరం తక్కువ. లారీలు పోతున్నా ఆయన చెయ్యి ఆగలేదు. తిరిగి వచ్చేటప్పుడు చొక్కా నిండా పసుపు పొట్టు. అప్పుడప్పుడు ఇప్పటికీ వెళ్తుంటాం. అక్కకు కూడా నిజం చెప్పాను. "బత్తాయిలు మాత్రం బంద్ చెయ్యకు" అంది.

కానీ నేను తేలికపడ్డానంటే నిజం కాదు. ఇప్పుడు వాయించేటప్పుడు ఆయన వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. ఏ పాటో అడుగుతాడు, పెదవులతో చెబుతాను. పాత పాటలన్నీ ఆయనకు మాటలతో సహా గుర్తున్నాయి. మొన్న ఒక పాట తనే అందుకున్నాడు. శ్రుతి ఎక్కడికో పోయింది. తన గొంతు తనకే తెలియదు కదా. మొదటి చరణం దాకా ఆయన గొంతు ఎక్కడుందో వెతుక్కుంటూ, వేళ్లు మాండలిన్ మెట్ల మీద పైకీ కిందికీ జరుపుకుంటూ వెళ్లాను. రెండో చరణంలో అందలేదు. చెయ్యి తీగల మీద ఆగిపోయింది. ఆయన కళ్లు మూసుకుని, తల ఊపుతూ, చివరిదాకా పాడాడు. నేను ఆపేసిన సంగతి ఆయనకు తెలియదు.

పాట అయ్యాక కళ్లు తెరిచి, "కలిసిందా?" అన్నాడు.

తలూపబోయాను. మెడ సగం దాకా కదిలింది కూడా. అప్పుడు ఆయన వైపు తిరిగి, "లేదు. రెండో చరణంల ఆపిన" అన్నాను.

ఆయన ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. అది నేను చూడక తప్పలేదు.

"మరి గప్పుడే చెప్పొద్దా" అని నా మోకాలి మీద తట్టి, రెండో చరణం మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. పాడినంతసేపూ నా చేతినే చూశాడు. తప్పులు పోతూనే ఉన్నాయి, నేను ఆపలేదు.