నల్లమలలో పక్క కాటేజీ

టీచర్ ట్రైనింగ్‌ల మేం ముగ్గురం ఒకే గదిలో ఉన్నం. నాది సూర్యాపేట, ఒకామెది కోదాడ, ఇంకొకామెది మిర్యాలగూడ. పెళ్లిళ్లు, ఉద్యోగాలు అయినంక గూడ ఏటా వానలు తగ్గంగనే నల్లమలకు పోయి, అడవిలో కిరాయికిచ్చే కాటేజీలో ఉండొచ్చేవాళ్లం. మొగుళ్లు, పిల్లలు ఎవరూ వద్దు. మంచాలన్నీ ఒక్కదగ్గరికి జరుపుకొని పగలబడి నవ్వేవాళ్లం.

మా ఆయన చనిపోయిన ఏడాది గూడ నేనే ఫోన్ చేసిన. ఇంట్ల ఒక్కదాన్ని ఉండలేకపోతున్న, పోదామా అని.

"మా అత్తకి మోకాలి ఆపరేషన్ ఉందే, ఈసారి కుదరదు" అన్నది కోదాడ ఆమె.

"ఆమె లేకుంటె మనిద్దరం ఏం పోతం? వచ్చే ఏడు సూద్దాం తియ్" అన్నది మిర్యాలగూడ ఆమె.

నిజమే అనుకున్న. ఆపరేషన్ ఎట్లయిందో అని మళ్ల ఫోన్ చేసి గూడ అడిగిన. అత్త బానే నడుస్తుందన్నది.

దసరా సెలవులకు నా బిడ్డ హాస్టల్ నుంచి వచ్చింది. "నువ్వు పోయే అడవికి నన్ను తీస్కపో అమ్మా" అన్నది. దేవరకొండ మీదుగ బస్సులు మారి పోయినం. మేం ఎప్పుడూ దిగే కాటేజీ ఖాళీ లేదని పక్కది ఇచ్చిన్రు. తాళం తీస్తుంటే మా పాత కాటేజీలోంచి నవ్వు వినబడ్డది. ఎవరి నవ్వో తెలియడానికి నాకు చూడాల్సిన పని లేదు. అయినా పోయి చూసిన. మంచాలు ఒక్కదగ్గరికి జరిపి ఉన్నయి. వాళ్లిద్దరితోటి మిర్యాలగూడ ఆమె బడిలో పనిచేసే కొత్త టీచరమ్మ ఉన్నది. ముగ్గురూ పులిహోర తింటున్నరు.

"మీ అత్త మోకాలు ఎట్లుంది?" అన్న. అదే ఎందుకు అడిగిన్నో నాకే తెలియదు.

కోదాడ ఆమె తల దించుకున్నది. మిర్యాలగూడ ఆమె చెయ్యి కడుక్కొని వచ్చి, నన్ను బయట మెట్ల మీద కూర్చోబెట్టింది.

"నీ మీద కోపమేం లేదే. నీ ముందల నవ్వాలంటె భయమైతది. మా ఇంటాయన ముచ్చట తియ్యాలన్నా భయమే. జర నిమ్మళంగ ఉండొద్దామని వచ్చినం."

"గదే నాకు చెప్పొద్దా?"

"ఎట్ల జెప్పాలె?"

మా ఆయన పోయినప్పుడు దినాలయ్యేదాక నా పక్కన పడుకున్నది వీళ్లిద్దరే. నాతోటి అంత ఏడ్చినోళ్లకు, నాకు నవ్వాలని ఉంటదని మాత్రం తోచలేదు.

వెనక్కి పోదామా అన్నది బిడ్డ. వద్దు, ఉందామన్న.

తెల్లారి వరండాల టీ తాగుతుంటే ఒక కోతి వచ్చి బిడ్డ చేతిలో బిస్కెట్ పుడ లాక్కొని చెట్టెక్కింది. చాన్నాళ్లకు నాకు గట్టిగ నవ్వొచ్చింది. పక్క వరండాల ఉన్న కోదాడ ఆమె గూడ నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

ఇప్పటికీ ఇద్దరూ ఫోన్లు చేస్తరు. బడి సంగతులు, పిల్లల సంగతులు మాట్లాడుకుంటం. అడవికి పోదామని వాళ్లు అనలేదు. నేనూ అడగలేదు.