గొర్రె మెడ, అర తిప్పు

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేదని ఇంట్లో అందరూ అంటారు. అబద్ధం. నా కోపం చేతుల్లో ఉండేది. తిరుపతిలో ఎముకల వైద్యం పీజీ చదువుతున్నాను, మా బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మా పెద్ద సారు (చాటుగా మేము పెట్టుకున్న పేరు కండల సారు) నన్ను చూసినప్పుడల్లా, "ఈ పనికి బలం కావాలమ్మా. కళ్ల వైద్యమో పిల్లల వైద్యమో తీసుకోకూడదా?" అనేవారు. నవ్వుతూ అనేవారు కాబట్టి మరీ ఒళ్లు మండేది. మెడపూసల్లో స్క్రూలు వేసే ఆపరేషన్‌లో ఆయన పక్కన నిలబడాలని నా ఆశ. "ముందు గొర్రె మెడలో వేసి చూపించు. పట్టు కొలిచే మిషన్ స్క్రూలను లాగినప్పుడు ఊడకుండా నిలిస్తే చూద్దాం" అన్నారు. మగపిల్లలకు ఈ పరీక్ష లేదు. (ఇది రాస్తూ ఇప్పటికీ పళ్లు కొరుకుతున్నాను.)

ఆదివారం చిత్తూరులో మా ఇంటికి వెళ్లి, మాకు ఎప్పుడూ మటన్ ఇచ్చే కత్తి మామను రెండు మెడలు ముక్కలు కొట్టకుండా ఇమ్మన్నాను. ఆయన కత్తి పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"కొట్టకుండా ఎట్ట వండుతావు పాపా?"

"వండేదానికి కాదు మామా, స్క్రూలు బిగించేదానికి."

"దీనికా తిరపతికి పొయ్యి సదువుతా ఉండావు?" అంటూనే రెండు మెడలూ కవర్లో పెట్టాడు. "రెండూ ఒక మందవే, ఒక ఈడువే. రెండేండ్లు గూడా నిండలా" అన్నాడు.

సోమవారం ఒక మెడను ఫ్రీజర్లో దాచి, రెండోది పరీక్ష గదికి తీసుకెళ్లాను. సారు, నలుగురు మగపిల్లలు, మిషన్ చూసే పూతలపట్టు అన్న (ఆయన ఊరి పేరే మాకు ఆయన పేరు) ఉన్నారు. మొదటి స్క్రూ బిగుసుకున్నట్టు నా వేళ్లకు తెలిసింది. ఆపబోయాను. "ఏమ్మా, అప్పుడే చేతులు నొప్పా?" అన్నారు సారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇక చూడండి, మరో అర తిప్పు తిప్పాను. చేతికింద ఏదో మెత్తబడింది. ఆరు స్క్రూలకూ అదే కోపం, అదే అర తిప్పు. మిషన్ లాగితే ఉడికిన గెనుసుగడ్డలోంచి పుల్ల వచ్చినట్టు ఆరూ వచ్చేశాయి.

"చూశారా, బలం చాల్లేదు" అన్నారు సారు.

బిగుసుకున్నాక ఇంకా తిప్పితే స్క్రూ తన చుట్టూ ఉన్న ఎముకను తనే తురిమేసుకుంటుంది, పట్టు పోతుంది. అంటే నాకు బలం తక్కువై కాదు, ఎక్కువై పోయింది. కానీ ఎలా చెప్పను? కోపంతో తిప్పానంటే ఆడవాళ్లకు నిగ్రహం లేదంటారు. ఊరుకుంటే బలం లేదంటారు. వరండాలోకి వెళ్లి ఏడ్చాను, ఏడుస్తున్నందుకు ఇంకా కోపం వచ్చింది. పూతలపట్టు అన్న వెనకాలే వచ్చాడు.

"సారు మీద కోపం స్క్రూ మీద చూపిస్తే అదేం చేస్తాది మా? రేపు ఇంకో మెడ పెట్టు. చెయ్యి చాలన్నప్పుడు నిలిపెయ్."

మర్నాడు కూడా సారు ఏదో అన్నారు. స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. మంచినీళ్లు తాగాను. మళ్లీ తీసుకుని, బిగుసుకున్న చోట ఆపేశాను. మిషన్ లాగింది. తెర మీద అంకె నిన్నటికి రెట్టింపు దాటింది. సారు తెరను చూశారు, మెడను చూశారు, నన్ను మాత్రం చూడలేదు.

"ఈ గొర్రె వయసులో ఉన్నది. నిన్నటిది ముసలిది. సరే, గురువారం ఆపరేషన్‌కి వచ్చి నా పక్కన నిలబడు."

రెండూ ఒక ఈడువే సార్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గురువారం చేజారుతుందన్న భయంతో మింగేశాను.

ఇప్పుడు మనుషుల మెడల్లో నేనే స్క్రూలు వేస్తున్నాను. కోపం ఏమీ తగ్గలేదు. వచ్చినప్పుడు స్క్రూడ్రైవర్ ట్రేలో పెట్టేస్తాను, అది పోయేదాకా థియేటర్లో ఎవరూ మాట్లాడరు. చిత్తూరు వెళ్తే కత్తి మామ ఇప్పటికీ అడుగుతాడు, "పాపా, ఆ పొద్దు నేనిచ్చిన మెడలు ఎట్టుండె?" అని.

"రెండూ ఒక ఈడువే మామా" అంటాను. ఆయన మురిసిపోతాడు. నేనూ నవ్వుతాను, ఇన్నేళ్లు ఆలస్యంగా, వేరే మనిషికి చెప్పాల్సిన జవాబు ఆయనకు చెప్పి.